ఊడ్పు వంతు

2013 నవంబరులో ఉద్యోగం మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి వచ్చిన మూడో వారం, ఒక సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి తిరిగివచ్చేసరికి నా ఫ్లాటు తలుపు పిడికి అరచేయంత చెక్క పలక ఒకటి వేలాడుతోంది. దాని మీద ‘కేర్‌వోఖె’ అని ఒకే ఒక్క మాట రాసి ఉంది. ఎవరో పొరపాటున తగిలించి ఉంటారనుకొని దాన్ని తీసి ఎదురింటి తలుపుకు తగిలించి లోపలికి వెళ్ళిపోయాను. మరునాడు పొద్దున తలుపు తీస్తే ఆ పలక మళ్ళీ నా తలుపుకే ఉంది. సాయంత్రం మళ్ళీ మార్చాను, తెల్లారేసరికి మళ్ళీ వచ్చింది. బుధవారం రాత్రి కింది అంతస్తులో ఉండే డెబ్బై ఏళ్ళ పెద్దావిడ గంట కొట్టి, నన్ను బయటికి రమ్మని సైగ చేసి, మెట్ల పక్క కమ్మీ మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని నా కళ్ళముందు పెట్టారు. వేలికి దుమ్ము అంటుకొని ఉంది. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ నూరు మాటలకు మించదు గాని, ఆ సంగతి అర్థం కావడానికి భాషతో పని పడలేదు.

కేర్‌వోఖె అంటే ఊడ్పు వారం. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ష్వాబ్ ప్రాంతమంతటా ఉన్న ఆచారం ఇది. మా భవనంలో మూడు అంతస్తులు, అంతస్తుకు రెండేసి ఇళ్ళు ఉన్నాయి. చిన్న కేర్‌వోఖె అంటే ఎవరి అంతస్తు మెట్లను వాళ్ళు, ఎదురింటివాళ్ళతో వారం విడిచి వారం ఊడ్చి తడిగుడ్డతో తుడవడం. పెద్ద కేర్‌వోఖె ఆరిళ్ళకూ వంతులవారీగా తిరుగుతుంది. వీధి తలుపు, ముందున్న కాలిబాట, నేలమాళిగలోని నడవ, చెత్త డబ్బాలు ఉంచే చోటు ఇవన్నీ అందులోకి వస్తాయి. చలికాలంలో మా ఇంట్లో మంచు పనీ దానితోనే కలిసి ఉంది. మంచు కురిస్తే పనిదినాల్లో ఉదయం ఏడు గంటలలోపు కాలిబాటను పారతో శుభ్రం చేసి, జారకుండా ఇసుకో కంకరపొడో చల్లి ఉంచాలి. ఆ పని చేయనందువల్ల ఎవరైనా జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే నష్టపరిహారం మన మెడకు చుట్టుకుంటుంది. తెనాలిలో పుట్టి పెరిగిన నేను మంచును మొదటిసారి చూసింది పార పట్టుకొనే.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. స్టుట్‌గార్ట్ పట్టణ శాసనంలో 1492 నాటికే చెత్త తరలింపు గురించిన నియమం ఉంది. 1714లో వ్యూర్టెంబెర్గ్ డ్యూక్ ఎబర్‌హార్డ్ లుడ్విగ్ వీధుల శుభ్రత కోసమే ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ జారీ చేశాడు. పౌరులు వారం వారం కాలిబాటలు ఊడ్చి తీరాలన్న నగర నిబంధనను 1988లో, మాన్‌ఫ్రెడ్ రోమెల్ మేయరుగా ఉన్న కాలంలో ఎత్తివేశారు. (రెండో ప్రపంచ యుద్ధపు సేనాని ఎర్విన్ రోమెల్‌కు ఈయన కుమారుడు.) నిబంధన పోయినా అలవాటు పోలేదు. అద్దె ఒప్పందాల్లోకి, ఇంటి నియమావళుల్లోకి చేరి అక్కడే స్థిరపడిపోయింది. నేను చదవకుండానే సంతకం పెట్టిన ఒప్పందంలోనూ అది ఉందని ఆ బుధవారం రాత్రి తెలిసింది.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, నాకు వచ్చిన మొదటి ఆలోచన డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకోవచ్చా అన్నది. ఇంజనీరింగ్ చదివి, వాహన విడిభాగాల పరీక్షా విభాగంలో పనిచేయడానికి ఇంత దూరం వచ్చి, మెట్లు తుడవడమేమిటని మనసు మొరాయించింది. ఆ మాట పెద్దావిడను అడిగాను కూడా. ఆవిడ కాసేపు నన్ను తేరిపార చూసి, “మీకు ఒంట్లో బాగాలేదా?” అని అడిగారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఒంట్లో బాగుండి, రెండు చేతులూ ఉన్న మనిషి ఆ మాట ఎందుకు అడుగుతాడో ఆవిడకు నిజంగానే అంతుపట్టలేదు. బాగాలేకపోతే ఈ వారం నేను చేస్తాను, వచ్చే వారం మీరు చేద్దురుగాని అన్నారు. ఆ శనివారం బకెట్టు, తుడుపుగుడ్డ కొని తెచ్చుకున్నాను.

వంతు అనే మాట నాకు కొత్తది కాదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో నీళ్ళు చాలని ఏడాది కాలువలకు వంతులు పెడతారు. మా చిన్నాన్న అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని తూము దగ్గరికి వెళ్ళడం నేనెరుగుదును. మా ప్రాంతంలో వంతు అంటే మనకు రావలసినదాని కోసం కాచుకొని కూర్చోవడం. చేయవలసిన పనికి కూడా వంతు ఉంటుందని, అది డాక్టరుకూ డ్రైవరుకూ ఒకేలా వస్తుందని తెలుసుకున్నది ఈ చెక్క పలక వల్ల. మా ఎదురింటాయన ఆసుపత్రిలో పెద్ద వైద్యుడు. తన వారం వచ్చినప్పుడు మోకాళ్ళ మీద కూర్చొని మెట్ల మూలల్లోని మట్టిని పాత బ్రష్షుతో గీకుతాడు. పక్కనుంచి దిగుతున్న నన్ను చూసి, ఆ మెట్టు ఇంకా తడిగా ఉంది, చూసుకొని దిగమని హెచ్చరిస్తాడు.

ఆఫీసులోనూ ఇదే వరస. టీ గదిలో కప్పులు కడిగే యంత్రాన్ని నింపడం, ఖాళీ చేయడం వారానికొకరి పని. గోడ మీది జాబితాలో మా విభాగాధిపతి పేరు అక్షరక్రమంలో ఎక్కడ రావాలో అక్కడే ఉంది. పుట్టినరోజు ఎవరిదైతే కేకు తెచ్చే పని కూడా వాళ్ళదే. మొదటి ఏడాది నా పుట్టినరోజున నేను ఊరక కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, చివరికి ఒకరు వచ్చి, కేకు ఫ్రిజ్‌లో పెట్టావా అని అడిగారు. ఇంకో సంగతి, ఇక్కడ అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలిచేవాళ్ళు. రేషను కార్డులోనూ బడి రిజిస్టరులోనూ తప్ప ఎవరూ వాడని మా ఇంటిపేరును, ముందు ‘హేర్’ (శ్రీ) అని చేర్చి, రోజుకు ఇరవైసార్లు పలకడం వింటుంటే తాతగారిని పిలుస్తున్నారేమో అనిపించేది. జర్మన్‌లో మీరు, నువ్వు తేడా మన భాషలాగే ఉండడం మాత్రం పెద్ద ఊరట.

వంతు మెట్లు దాటి ఇంట్లోకి వచ్చింది 2017లో, మా అమ్మాయి పుట్టాక. పిల్లల పెంపకం కోసం తల్లిదండ్రులకు జర్మన్ ప్రభుత్వం ఇచ్చే ‘ఎల్టర్న్‌గెల్డ్’ అనే భృతి 2007 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు చేతికి వచ్చే నికర జీతంలో సుమారు మూడింట రెండు వంతులు, నెలకు 1800 యూరోలు మించకుండా ఇస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరే తీసుకుంటే పన్నెండు నెలలు, రెండోవాళ్ళు కూడా కనీసం రెండు నెలలు తీసుకుంటే మొత్తం పద్నాలుగు నెలలు. అంటే ఆ రెండు నెలలు తండ్రి తీసుకోకపోతే అవి వృథాగా పోతాయి. దండుగ కానివ్వడం మన రక్తంలో లేదు కనుక నేనూ దరఖాస్తు పెట్టాను. మా ఆవిడ తిరిగి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రెండు నెలలు ఇంట్లో నేనూ పాపా మాత్రమే.

ఫోనులో ఈ కబురు విని మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత గొంతు తగ్గించి, “ఉద్యోగం ఏమైనా పోయిందా నాన్నా? నాతో చెప్పు, ఎవరికీ చెప్పను” అంది. సెలవేనమ్మా, జీతం బదులు ప్రభుత్వం డబ్బిస్తుంది, ఇక్కడ మగవాళ్ళు చాలామంది తీసుకుంటారు అని ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. ఊళ్ళో చుట్టాలకు మాత్రం, అబ్బాయికి కంపెనీవాళ్ళు ఇంటి నుంచే ఏదో పెద్ద పని అప్పజెప్పారని చెప్పుకొంది. ఆ మాటలో అబద్ధం లేదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. నాలుగు చెంచాల రాగిజావ తినిపించడానికి ముప్పావు గంట పడుతుందని, ఆ ముప్పావు గంటలో పొయ్యి మీది పాలు పొంగి తీరతాయని అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

2023 సెప్టెంబరులో అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్చాం. మొదటి రోజున ప్రతి పిల్లకూ తన ఎత్తులో సగం ఉండే రంగుకాగితపు గొట్టం, ‘షూల్‌ట్యూటె’, చేతికిస్తారు. పైన వెడల్పు, కింద మొన. అందులో పెన్సిళ్ళు, మిఠాయిలు, చిన్న బొమ్మలు నింపుతారు. మేము అందులో తెనాలి నుంచి తెచ్చిన రాతి పలక, బలపం కూడా పెట్టాం. మనకు అక్షరాభ్యాసం పళ్ళెంలో బియ్యం ఎలాగో వీళ్ళకు ఆ గొట్టం అలాగ. బడి ప్రభుత్వానిది, ఫీజు లేదు. చదువు మటుకు మన కళ్ళకు మరీ నెమ్మది. దసరా దాటినా ఇరవైలోపు లెక్కలే. హైదరాబాదులో మా బావమరిది కొడుకు అదే వయసుకు ఎక్కాలు అప్పజెబుతుంటే నాకూ గుబులు పుట్టిందని ఒప్పుకోవాలి.

ఆ నెలలోనే తల్లిదండ్రుల సమావేశం జరిగింది. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. పాఠాల గురించి టీచరు పావుగంట చెప్పారు. మిగిలిన గంటంబావు పిల్లలు బడికి ఎలా రావాలన్న దాని మీదే నడిచింది. కారులో తెచ్చి గేటు దగ్గర దించవద్దు, కొన్నాళ్ళు వెంట నడవండి, దారి నేర్పండి, ఆ తరవాత తమంతట తాము రానివ్వండి అన్నారు. మా ఇంటికి బడి ఏడువందల మీటర్లు, మధ్యలో రెండు రోడ్లు. అక్టోబరులో ఒక సోమవారం అమ్మాయి పసుపుపచ్చ చొక్కా తగిలించుకొని ఒంటరిగా బయల్దేరింది. నేను ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఫోను చేసి, యాభై అడుగుల వెనక, ఆగి ఉన్న కార్ల చాటున నక్కుతూ వెళ్ళాను. రెండో రోడ్డు దగ్గర ఎడమకూ కుడికీ చూసి, మళ్ళీ ఎడమకు చూడబోతూ నన్ను చూసేసింది. తెలుగులోనే, వీధంతా వినబడేలా, “నాన్నా, నువ్వెందుకు వచ్చావ్? వెళ్ళిపో!” అని అరిచింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను వెనక్కి తిరిగాను.

తరగతి గోడకు ఒక అట్ట ఉంది. దాని మీద స్పాంజి, నీళ్ళ డబ్బా, చీపురు, పుస్తకాల కట్ట బొమ్మలు గీసి ఉన్నాయి. పక్కన పిల్లల పేర్లు రాసిన బట్టల క్లిప్పులు గుచ్చి ఉంటాయి. సోమవారం సోమవారం క్లిప్పులు మారతాయి. బోర్డు తుడిచే పని ఒకరిది, మొక్కలకు నీళ్ళు ఒకరిది, నేల ఊడవడం ఇద్దరిది. అమ్మాయి తన క్లిప్పు చీపురు పక్కకు వచ్చిన రోజున గొప్పగా ఇంటికి వచ్చి చెప్పింది. నేను చదివిన బడిలోనూ పిల్లలే ఊడ్చేవాళ్ళు. అయితే అక్కడ అట్టా లేదు, క్లిప్పులూ లేవు. ఏ పేట నుంచి వచ్చిన పిల్లలు చీపురు పట్టాలో ఎవరూ చెప్పకుండానే మాస్టారికీ తెలుసు, మాకూ తెలుసు. అయిదేళ్ళు ఆ బడిలో చదివి నేను ఒక్కనాడూ ఊడవలేదు. అది నా మంచి నడవడికకు దక్కిన మినహాయింపు అనుకొనేవాణ్ణి. నాతో అయిదో తరగతి దాకా చదివి, రోజూ పొద్దున్నే వచ్చి గది ఊడ్చిన ఒక కుర్రవాడి ముఖం ఆ సాయంత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. వంగిన వీపు మాత్రం గుర్తుంది.

2024 ఏప్రిల్‌లో మా అమ్మ తొంభై రోజుల వీసా మీద వచ్చింది. వచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున అయిదింటికే లేచి, మా గుమ్మం ముందు మెట్ల మీద నీళ్ళు చిలకరించి, బియ్యప్పిండితో నాలుగు చుక్కల ముగ్గు పెట్టింది. ఏడింటికి గంట మోగింది. ఇప్పుడు ఎనభై దాటిన ఆ కింది పెద్దావిడ నిలబడి ఉన్నారు. కోపం లేదు. పిండి కింది మెట్ల దాకా అడుగులతో వచ్చిందని, ఇది ఎప్పటికి తుడుస్తారో తెలుసుకుందామని వచ్చానని అన్నారు. నేను అనువదించేలోగానే అమ్మకు అర్థమైంది. “ముగ్గును మురికి అంటుందా ఆవిడ?” అని అలిగి, రెండు రోజులు గుమ్మం వైపు చూడలేదు.

దారి చూపించింది అమ్మాయే. ఇక్కడి పిల్లలకు కాలిబాట మీద బొమ్మలు గీసుకోవడానికి లావుపాటి రంగు సుద్దముక్కలు అమ్ముతారు. వాటితో బాట మీద ఎంత గీసినా ఎవరూ ఏమీ అనరు, వాన వస్తే అదే పోతుంది. శుక్రవారం సాయంత్రం నాయనమ్మను చెయ్యి పట్టుకొని వీధిలోకి తీసుకెళ్ళి, సుద్దల పెట్టె ముందు పెట్టింది. అమ్మ మొదట రాతిపలకల సందులను చూసి, గీత సాగదని పెదవి విరిచింది. ఆ పైన చెప్పులు విడిచి గొంతుక్కూర్చొని, పదిహేను చుక్కలు పెట్టి మెలికల ముగ్గు మొదలుపెట్టింది. వైద్యుడి కొడుకులిద్దరూ రంగులు నింపారు. పెద్దావిడ కిటికీ తెరిచి మోచేతులు గట్టు మీద ఆనించి, చుక్క తప్పకుండా గీత ఎక్కడికి వెళ్ళి ఎక్కడ కలుస్తోందో అరగంటసేపు చూశారు. చివరికి ఒక్కటే అడిగారు, ఇది రేపటికి ఉంటుందా అని.

ఆ వారం పెద్ద కేర్‌వోఖె మాది. వాన రాలేదు. శనివారం మధ్యాహ్నం, అమ్మ పైన నిద్రపోతున్నప్పుడు, బకెట్టు, గట్టి చీపురు తీసుకొని కిందికి దిగాను. పెద్దావిడ కిటికీలోంచి చూసి, కాలిబాట ఈ వారానికి శుభ్రంగానే ఉంది, మిగతావి ఊడిస్తే చాలన్నారు.