మిన్నెసోటా గోడ మీద మసి, తెనాలి కాటుక

చలిదేశాల్లో బయటి గోడకు ఆనించి దేవుడి మందిరం పెట్టుకున్నవాళ్లు కొందరికి ఇది అనుభవమే. కొన్నాళ్లకు ఆ గోడ మీద నిలువుగా నల్లటి చారలు తేలతాయి. అమెరికాలోని మిన్నెసోటాలో మా ఇంట్లోనూ అంతే. దీపం మసి గోడంతా ఒకేలా పట్టకుండా చారలుగా ఎందుకు పట్టిందని ఏడో తరగతి చదివే మా అమ్మాయి పట్టుకుంది.

ఇక్కడి గోడల లోపల సుమారు 40 సెంటీమీటర్లకొక నిలువు చెక్క, మధ్యలో వేడిని ఆపే ఇన్సులేషన్ ఉంటాయి. చెక్క గుండా వేడి త్వరగా బయటికి పోతుంది కాబట్టి అక్కడ గోడ కాస్త చల్లగా ఉంటుంది. గాల్లో తేలే మసి రేణువును వేడి వైపు అణువులు గట్టిగా, చల్లటి వైపువి మెల్లగా తాకుతాయి. దాంతో అది చల్లటి వైపు జరిగి అక్కడే అంటుకుంటుంది. ఇదే థర్మోఫోరెసిస్. వేడి వస్తువు చుట్టూ దుమ్ములేని పొర ఉండటాన్ని భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ 1870లోనే గమనించాడు.

వీడియో కాల్‌లో చారలు చూపిస్తే తెనాలిలో మా అమ్మ వెంటనే అందుకుంది. "కాటుక పట్టేది అలాగేగా! ఆముదం దీపం మీద రాగి గిన్నె పెట్టి, అందులో నీళ్లు పోసేవాళ్లం."

"నీళ్లెందుకు అమ్మమ్మా?"

"గిన్నె కాలిపోతే మసి సరిగ్గా పట్టదే తల్లీ."

ఆ ఆదివారం మేమూ పట్టాం. గిన్నె అడుగున పట్టిన మసి వేలికి తగిలీ తగలనట్టుంది, వేలిగీతలన్నీ నల్లగా తేలాయి. చుక్క నెయ్యి కలిపి మా అమ్మాయి తమ్ముడి అరికాలికి దిష్టిచుక్క పెట్టింది. కళ్లకు మాత్రం వద్దన్నాను, పిల్లల డాక్టర్లు వద్దంటారు.

మన పెద్దలకి అన్నీ ముందే తెలుసని పిల్లలకు చెప్పడం నాకు నచ్చదు. అమ్మమ్మ పనిని పాతకాలపు అలవాటని పక్కన పెట్టేయడం అంతకన్నా నచ్చదు. ఏం చేస్తే మసి బాగా పడుతుందో అమ్మ చేతికి తెలుసు. ఎందుకు పడుతుందో భౌతికశాస్త్రం చెప్పింది. మా అమ్మాయికి రెండూ కావాలి.

ఇంకో సంగతి చెబితే దాని కళ్లు పెద్దవయ్యాయి. ఫోన్, ఇంటర్నెట్ సంకేతాలు మోసే గాజుపోగు, అంటే ఆప్టికల్ ఫైబర్ తయారీలో 1974లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ తెచ్చిన పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. తిరిగే గాజు గొట్టాన్ని బయట నుంచి మంటతో వేడి చేస్తే, లోపలి వాయువుల నుంచి సిలికా రేణువులు పుట్టి, మంట దాటాక చల్లగా ఉన్న గొట్టం గోడకు పడతాయి. వాటినే కరిగించి గాజు పొరగా మారుస్తారు. అమ్మమ్మ మాటలు సముద్రం దాటి వచ్చేది అలాంటి గాజుపోగుల్లోంచే.

ఒత్తి లావైతే మసి ఎక్కువొస్తుందా అన్నది ఇప్పుడు దాని ప్రశ్న. అమ్మ రెండు రకాల ఒత్తులు చేసి చూస్తానంది.