మూడో కాలం ఎందుకు చెడుతుంది: కూచిపూడి అడవు పాఠం

కూచిపూడి నేర్పే ఏ చోటైనా ఆరు నెలలు గడవగానే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "మాస్టారూ, మా పాప స్టేజీ ఎప్పుడెక్కుతుందండీ?" అడగడం తప్పు కాదు. తొందరపడి జవాబిస్తే మాత్రం దెబ్బతినేది ఆ పాప మోకాళ్లూ లయా. వార్షికోత్సవం కోసం రెండు నెలల్లో ఒక ఐటెం నేర్పేయొచ్చు. నాలుగేళ్ల తర్వాత అదే పిల్లకి తరంగం (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) చెప్పబోతే అడవులన్నీ, అంటే నాట్యానికి పునాది అయిన అడుగుల, చేతుల కదలికలన్నీ, మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాల్సి వస్తుంది. ఒంటికి పట్టిన తప్పును వదిలించడం కొత్తగా నేర్పడం కంటే ఎంతో కష్టం. అందుకే ఇక్కడ ఐటెంల సంగతి పక్కన పెట్టి, అడవును మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నిలబెట్టడం గురించే రాస్తున్నాను. మూడో కాలంలో కనిపించే తప్పుల్లో చాలావరకు మొదటి కాలంలోనే పుట్టినవి.

కాలు కదిలే ముందు నోరూ చెయ్యీ కలవాలి. ఆదితాళానికి 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. చేత్తో ఈ తాళం వేస్తూ నోటితో శొల్లు, అంటే అడవుకు కట్టిన లయ పలుకులు, పలకాలి. మొదటి కాలంలో అక్షరానికి ఒక పలుకు, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. పిల్లలు మొదట తప్పేది ఇక్కడే. కాలం మారగానే నోటితో పాటు చెయ్యి కూడా వేగం పెంచేస్తుంది. తాళం ఉన్నచోటే ఉండాలి, దాని మధ్య పడే పలుకులే పెరగాలి. ఇది తేలాలంటే గురువు కర్రతో చెక్క మీద తాళం కొడుతూ పిల్లల చేత పలుకు మాత్రమే చెప్పించాలి. కాసేపయ్యాక మార్చాలి, పలుకు గురువుది, తాళం పిల్లలది. రెండూ విడివిడిగా కుదిరాకే కలపాలి. నోటికి రాని అడవును కాలికి ఇవ్వకండి. ఇచ్చారా, ఆ పిల్ల పక్కనున్న పిల్ల కాళ్లు చూసి అర వీసం వెనకబడి ఆడడం అలవాటు చేసుకుంటుంది. గుంపులో అది కనిపించదు, ఒంటరిగా నిలబెట్టిన రోజు బయటపడుతుంది.

నోటికి ఇంత విలువ ఇవ్వడం కూచిపూడికి కొత్తేమీ కాదు. కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతులు యక్షగానాలూ కలాపాలూ ఆడినప్పుడు గజ్జె కట్టినవాళ్లే పాట అందుకునేవాళ్లు, మాటా చెప్పేవాళ్లు. భామాకలాపంలో ప్రవేశ దరువుతో (పాత్ర రంగం మీదికి వచ్చేటప్పటి పాటతో) తెర ముందుకు వచ్చే సత్యభామకు కాలూ గొంతూ రెండూ పలకాల్సిందే. వెంపటి చినసత్యం మాస్టారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, ఊరి ఇళ్లలో సాగిన విద్య తరగతి గదిలో వరుసగా చెప్పే పాఠంగా కుదురుకుంది. ఆ వరుస మనకు ఎంతో మేలు చేసింది. రికార్డు పాట చేతికి వచ్చాక మాత్రం నోటి పని జారిపోయింది. పాట వింటూ ఆడే పిల్ల తాళాన్ని కాకుండా పాట వరుసను పట్టుకుని నడుస్తుంది. పరీక్షించాలంటే పాట మధ్యలో 2 ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు తిరిగేదాకా, శబ్దం తగ్గించేసి మళ్లీ పెంచండి. ఆ పిల్ల సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఉందో లేదో వెంటనే తెలుస్తుంది.

ఇక వేగం. నా దృష్టిలో క్లాసుల్లో ఎక్కువ నష్టం జరిగేది ఈ లెక్క చూసుకోకపోవడం వల్లే. నిమిషానికి 60 దెబ్బల తాళం పెట్టారనుకోండి. మొదటి కాలంలో సెకనుకు ఒక అడుగు, చాలా సుఖంగా ఉంటుంది. మూడో కాలానికి వచ్చేసరికి సెకనుకు 4 అడుగులు. 80 దగ్గర మొదలుపెడితే సెకనుకు 5 దాటుతాయి. ఏడెనిమిదేళ్ల పిల్లకి అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం దిగిన భంగిమలో) కూర్చుని అంత వేగంగా పాదం మొత్తం ఆనించడం సాధ్యం కాదు. అప్పుడు ఒళ్లు తనే దారి వెతుక్కుంటుంది: మండి లేచిపోతుంది, మడమ పైకెత్తడం మానేసి పాదాన్ని నేల మీద రాస్తుంది, చేతులు సగంలో తిరిగి వచ్చేస్తాయి. గురువు "మండి, మండి" అని అరుస్తూనే ఉంటారు, తప్పు మాత్రం పెట్టిన తాళంలో ఉంటుంది. అందుకే తాళం వేగాన్ని మూడో కాలం నుంచి వెనక్కి లెక్కవేసుకోవాలి. అడవు చెడకుండా ఆ పిల్ల నిమిషానికి గరిష్ఠంగా ఎన్ని అడుగులు వేయగలదో చూసి, దాన్ని నాలుగుతో భాగిస్తే మొదటి కాలం వస్తుంది. కొత్తవాళ్లకు ఇది 40, 45 దగ్గర తేలుతుంది.

అక్కడ ఇంకో చిక్కు ఉంది. 40 దగ్గర మొదటి కాలంలో అడుగుకీ అడుగుకీ మధ్య ఒకటిన్నర సెకను. ఎత్తిన కాలు తొడ వెనక మడమ ఆనేలా పైకి వెళ్లి అక్కడ ఆగాలి, ఆ సేపంతా ఒంటి బరువు మొత్తం రెండో కాలి మీదే. ఆ కాలు వణుకుతుంది, తెలియకుండానే మోకాలు నిటారవుతుంది, ఎత్తిన పాదం దిగేటప్పుడు ఒళ్లు మళ్లీ కిందికి కుంగుతుంది. మొదటి కాలం తేలికని చాలామంది అనుకుంటారు గానీ మూడింటిలో కష్టమైనది అదే. ఇది చూడ్డానికి అద్దం కంటే గోడ మంచిది. పిల్ల అరమండిలో ఉన్నప్పుడు తల ఎంత ఎత్తులో ఉందో వెనక గోడ మీద సుద్దతో అడ్డగీత గీయండి. అడవు మొదలయ్యాక తల ఆ గీత దాటి పైకీ కిందికీ పోతుంటే నిలబడిన కాలు లేస్తోందని అర్థం. కూచిపూడిలో సహజంగా ఒక ఊపు ఉంది, అది అందమే. ఆ ఊపు అడవు కోరిన చోట, తాళానికి కట్టుబడి వస్తుంది. అలసటతో మండి లేవడాన్ని ఊపు అని సమర్థించుకోకూడదు.

అరమండి కోసం పాదాలను బలవంతంగా పక్కలకు తిప్పడం ఇంకో పెద్ద పొరపాటు. కాలు తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. తుంటి తిరిగినంత మేరే పాదం తిరగాలి. పాదాలు పూర్తిగా పక్కకు, మోకాళ్లు ముందుకు ఉంటే మోకాలి లోపలి పక్క మెలిపడుతుంది, పాదం వంపు లోపలికి ఒరిగిపోతుంది. మోకాలి చిప్ప దగ్గర దారం పట్టి వేలాడదీస్తే అది కాలి రెండో వేలి దరిదాపుల్లో పడాలి. తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి అందరి పాదాలూ ఒకే కోణంలో తిరగవు. మడమల మధ్య ఎడం ఎంతన్నది బాణీని బట్టి మారుతుంది, అందులో మీ గురువు మాటే వినండి. వీపు సంగతికి గోడకు ఆని మండి దిగితే చాలు. నడుము దగ్గర అరచెయ్యి మాత్రమే దూరేంత సందు ఉంటే సరిపోతుంది, పిడికిలి దూరితే పిరుదులు వెనక్కి పోతున్నట్టే. ఇదంతా కంటికి కనపడాలంటే పొడుగు కుర్తీలు పనికిరావు. మోకాళ్లు కనిపించే పొట్టి పైజామా వేసుకుని, చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి.

అడుగు వేసినప్పుడు పాదం మొత్తం ఒకేసారి నేలకు తగలాలి. మడమ ముందు తగిలితే ఆ అదురు మోకాలికీ నడుముకీ నేరుగా ఎక్కుతుంది. ఇది కంటి కంటే చెవికి బాగా తెలుస్తుంది. పిల్లలకు వీపు పెట్టి నిలబడి వినండి: సరిగ్గా పడిన పాదం "ఠప్" అని ఒకటే చప్పుడు చేస్తుంది, మడమ ముందు పడితే చప్పుడు రెండుగా విరుగుతుంది. కుడి, ఎడమ చప్పుళ్లు సమానంగా ఉన్నాయో లేదో కూడా అలా వింటేనే పట్టుబడుతుంది. చాలామందికి ఒక కాలు తక్కువ చప్పుడుతో పడుతుంది. ఆ కాలితో మొదలుపెట్టి అదే అడవు ఇంకోసారి చేయిస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. గట్టిగా కొడితేనే బాగా కొట్టినట్టు అనే భ్రమ పిల్లల్లో పెరగనివ్వకూడదు. గజ్జెలు కూడా ఇది కుదిరాకే. గజ్జెల మోత కింద పాదం చప్పుడు దాగిపోతుంది.

చేతుల గురించి ఎక్కువ రాయను. మోచేతులు జారకూడదు, వాటిని నిలపబోయి భుజాలు చెవుల దాకా లేవకూడదు. త్రిపతాకంలో (ఉంగరపు వేలు ఒక్కటే వంచే హస్తంలో) ఆ వేలు వంచితే చిటికెన వేలూ దానితో పాటు వంగుతుంది. రెండో చేత్తో ఆ చిటికెన వేలిని నిటారుగా పట్టుకుని రోజూ కాసేపు సాధన చేస్తే విడివడుతుంది.

32 అడుగుల అడవును 60 తాళంలో మూడు కాలాలూ చేస్తే 32, 16, 8 సెకన్లు, మొత్తం 56 సెకన్లు మండిలో ఉన్నట్టు. 45 దగ్గర అది నిమిషంపావు. 10 అడవులు వరుసగా చేయిస్తే పన్నెండు నిమిషాలు. దీన్ని ఒక బిగిన చేయించకండి. క్లాసును రెండు వరుసలు చేసి, ఒక వరుస ఆడుతుంటే రెండో వరుస తాళం వేస్తూ పలుకు చెప్పాలి. కాళ్లకు విరామం దొరుకుతుంది, పిల్లలకు నట్టువాంగం (తాళం వేస్తూ పలుకు చెప్పి నాట్యం నడిపించే పని) రుచి తెలుస్తుంది, గురువు గొంతు మిగులుతుంది. సాయంత్రం నాలుగు బ్యాచ్‌లకు అడుగుల చప్పుడు మీద గొంతెత్తి శొల్లు చెప్పే గురువులకు గొంతు బొంగురు పోవడం మామూలైపోయింది. ఇంకొక మాట వాళ్ల కోసమే: ఒళ్లు వేడెక్కకుండా కూర్చున్నచోటి నుంచి లేచి, "ఇదిగో ఇలా" అని ఒక్క గంతు వేసి చూపించడం మానుకోండి. నేర్పేవాళ్ల మోకాళ్లు పోయేది అలాగే. పాఠం మొదలయ్యే ముందు పావుగంట సొంత సాధన చేసుకుంటే ఆ ముప్పు చాలా తగ్గుతుంది.

కాంక్రీటు మీద పరిచిన టైల్సు నేల ఈ నాట్యానికి శత్రువు. చెక్క నేల వేయించలేకపోతే రబ్బరు షీటు పరిచి, దాని మీద మందపాటి ప్లైవుడ్ బిగించండి. రెండు కాళ్లూ సమానంగా నొప్పిగా ఉండి రెండు రోజుల్లో తగ్గితే అది కండరాల అలసట. మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే ఆ రోజే అడుగులు ఆపి డాక్టరుకు చూపించాలి. ఆపినన్నాళ్లూ కూర్చుని పలుకు, హస్తాలు, కళ్ల సాధన చేయవచ్చు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్లో చెప్పేటప్పుడు గురువు కొట్టే తాళం ఆలస్యంగా చేరుతుంది, పిల్ల అడుగు ఇంకాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. గురువు ఇక్కడ తాళం కొట్టి అక్కడి పిల్లను దిద్దబోతే ఇద్దరికీ లయ పోతుంది. తాళం పిల్ల గదిలోనే యాప్‌లో మోగాలి, గురువు వింటూ చూడాలి. కెమెరాను మోకాలి ఎత్తులో, తల నుంచి పాదాల దాకా కనపడేలా పెట్టించి, ప్రతి అడవునూ ఒకసారి పక్క నుంచి కూడా చూపించమనండి. మండి తప్పు ఎదురుగా కంటే పక్క నుంచి బాగా తెలుస్తుంది.

ఇంత దూరం వచ్చిన విద్యార్థికే తరంగం పళ్లెం. నారాయణతీర్థుల తరంగానికి జతులన్నీ (లయ పలుకులకు కట్టిన అడవుల వరుసలన్నీ) ముందు నేల మీద, పళ్లెమంత చోటు గీసుకుని అందులో రావాలి. తర్వాత గోడ పక్కన, ఒక చెయ్యి ఆనించి పళ్లెం ఎక్కాలి. పాదాలు రెండు పక్కలా అంచు మీద పెట్టి, వేళ్లతో అంచును పట్టుకోవాలి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారినప్పుడే పళ్లెం జరుగుతుంది కాబట్టి, ఒంటికాలి మీద నిలబడి మొదటి కాలం చేయలేని పిల్ల ఇక్కడ ఒళ్లంతా ఊపి నెట్టబోతుంది, పళ్లెం జారి పడేస్తుంది. పళ్లెం కొనేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లి దుకాణంలోనే ఎక్కించి చూడండి. అంచు పలచగా ఉంటే వేళ్ల కింద కోసుకుంటుంది, పళ్లెం అడుగుభాగం పలచగా ఉంటే బరువుకు సొట్టపడి ఒక పక్కకే తిరుగుతుంది.