కొట్టేసిన ఆరు నీళ్లు

రెండు రోజుల ముసురు తర్వాత ఈ ఉదయం చెన్నై వేళచ్చేరిలో ఎండ కాసింది. ఇంట్లో తడి బట్టలన్నీ బాల్కనీకి చేరాయి. వాటితోపాటు మా అమ్మాయి ఊరగాయ సీసా కూడా.

సీసాలో హైడ్రిల్లా అనే నీటి మొక్క. నిన్న కొళత్తూరులో అక్వేరియం చేపలు అమ్మే చోట కొన్నాను. ఎండ తగిలితే కోసిన కాడ కొస నుంచి ఆక్సిజన్ బుడగలు రావాలి. అరగంట కాచుకున్నా ఒక్కటీ రాలేదు. "చచ్చిపోయినట్టుంది నాన్నా" అంది. నా అనుమానం నీళ్ల మీద. పోసింది వంటింటి ఫిల్టరు నీళ్లు, వాటిలో మొక్కకు దొరికే కర్బనం ఎంతని? చిటికెడు వంటసోడా వేశాను. హైడ్రిల్లా అందులోని బైకార్బనేటును కూడా వాడుకోగలదు.

కాసేపటికి కాడ కొసన గసగసాలంత బుడగ ఒకటి పుట్టి, ఉబ్బి, కాస్త ఊగి, తెగి పైకి పోయింది. వెనకే ఇంకొకటి. ఫోను చూస్తూ లెక్కపెట్టాం, నిమిషానికి 19. తువ్వాలు అడ్డం పెడితే 5కు పడిపోయింది. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు ఇంగ్లండులో చూసింది ఇదే: ఎండలో బుడగలు, చీకట్లో లేవు. ఆయనకు తువ్వాలు ఎవరు పట్టుకున్నారో!

ఈ ఆకు మందం రెండు కణాలేనట. మా అమ్మాయి బడిలో సూక్ష్మదర్శిని కింద చూసిందట: కణం నడుమంతా రిక్తిక అనే నీటి సంచి ఆక్రమిస్తే, ఆకుపచ్చటి హరితరేణువులు అంచు వెంబడి ప్రదక్షిణ చేస్తున్నాయని చెప్పింది.

తర్వాత కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాసింది. ఎడమ పక్క 6 కార్బన్ డయాక్సైడ్, 12 నీళ్లు. కుడి పక్క గ్లూకోజు, 6 ఆక్సిజన్, మళ్లీ 6 నీళ్లు. పద్దులు రాసి బతికేవాణ్ని, రెండు పక్కలా ఒకటే కనిపిస్తే ఊరుకోలేను. ఆరుకు ఆరు కొట్టేశాను.

"కొట్టేస్తే ఈ ఆక్సిజన్ ఎక్కడిదో తెలియదు" అంది.

"కార్బన్ డయాక్సైడ్‌లోది కాదా?"

కాదట. బొగ్గుపులుసు వాయువు పీల్చి ప్రాణవాయువు వదులుతాయని బట్టీ పట్టిన నాకు ఒకటే రెండోదిగా మారుతుందని నమ్మకం. హరితరేణువులో దోసెల దొంతరలా పొరలుంటాయి, పత్రహరితం ఉండేది వాటిలోనే. వెలుగు సోకి అది ఎలక్ట్రానును వదులుకుంటే, ఆ లోటు పూడ్చడానికి నీరు విడిపోతుంది. మిగిలిన ఆక్సిజన్ బయటికి పోతుంది. చక్కెర తయారయ్యేది దొంతరల బయటి ద్రవంలో. 1941లో రూబెన్, కామెన్ తదితర శాస్త్రవేత్తలు బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని నాచుకు ఇచ్చి చూశారు. వెలువడిన వాయువులో అదే కనిపించింది.

6 ఆక్సిజన్ అణువులంటే 12 పరమాణువులు. నేను మిగిల్చిన 6 నీళ్లలో ఉన్నవి ఆరే. పన్నెండూ నీటివే కావాలంటే 12 నీళ్లు ఖర్చు కావాలి, కుడి పక్క ఆరూ కొత్తగా పుట్టినవి. ఖర్చునూ జమనూ విడిగా చూపకుండా నికరం మాత్రమే రాస్తే ఆఫీసులో నేనే చీవాట్లు పెడతాను.

రబ్బరు తీసుకుని నా గీతలు తుడిచాను. మూడింటికి మళ్లీ మబ్బు కమ్మింది. బట్టలు లోపలికి తెచ్చాం, సీసా అక్కడే ఉంది. నిమిషానికి 4.