బ్రేకుల్లో గాలి తీసిన ఆదివారం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

మూడుసార్లు సబ్బుతో కడిగినా చేతులకు బ్రేకు ఆయిల్ వాసన వదల్లేదు. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. తెల్లవారితే ఆఫీసు హడావిడిలో సగం మరిచిపోతాను.

పోయిన శనివారానికి నాలుగు చక్రాలకూ బ్రేకు పైపులు బిగించడం అయిపోయింది. ఇక వాటిలో ఆయిల్ నింపి, లోపల చిక్కిన గాలి తీయాలి. ఇంటి షెడ్డులో సొంతంగా కడుతున్న ఈ కారు మొదలుపెట్టిన పద్నాలుగు నెలల్లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది ఈ పనికే. వెల్డింగ్ సరిగా పడకపోతే కోసి మళ్లీ అతికించుకోవచ్చు. ఇంజను మొండికేస్తే కారు షెడ్డులోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. బ్రేకు దగ్గర ఆ వెసులుబాటు లేదు. చూడటానికి వచ్చినవాళ్లందరూ ఎంత వేగం వెళుతుందని అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగింది మా నాన్న ఒక్కరే.

నాన్న చెన్నై పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో ముప్పై ఆరేళ్లు ఫిట్టర్‌గా చేశారు. 1974లో నెల్లూరు నుంచి ఒక్క రేకుపెట్టెతో వచ్చి చేరారు. అప్పట్లో పెట్టెలు ఎక్కువగా వాక్యూమ్ బ్రేకులవే. విల్లివాక్కంలోని ఈ ఇల్లు, ఈ షెడ్డు ఆ ఉద్యోగంతో కట్టినవే. షెడ్డు పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు తొమ్మిది. ఆయన స్కూటర్ కోసం కట్టించుకున్న చోట ఇప్పుడు నా కారు ఉంది.

ఇంగ్లండులో ఇలా ఇంట్లో కట్టుకునే కార్లకు పెద్ద చరిత్రే ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు, తయారైన కారు కొంటే పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అందుకని జనం భాగాలు తెచ్చుకుని ఇంటి గ్యారేజీల్లో బిగించుకునేవారు. నాకు అలా పెట్టెలో సర్ది ఎవరూ పంపలేదు. నా కారు పాత కార్ల సామాన్లు అమ్మే పుదుపేట సందుల్లోంచి ఒక్కొక్క ముక్కగా వచ్చింది. ఇంజను, గేరుబాక్సు, వెనుక యాక్సిల్ ఒక పాత మారుతీ ఓమ్నివి. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. అంతే సీసీ మారుతీ 800లోనూ ఉంది కదా అని చాలామంది అడిగారు. అందులో ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో నిలువుగా కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది. నాకు కావలసింది అదే. ఛాసీ, అంటే కారు అస్థిపంజరం, మాత్రం నేనే కట్టాను, 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపులతో. ఇంట్లో కట్టిన కారును టైప్ అప్రూవల్, అంటే ఆ నమూనాను పరీక్షించి ఇచ్చే ఆమోదం, లేకుండా రిజిస్టర్ చేయరు. కాబట్టి ఇది రోడ్డెక్కదు. పూర్తయ్యాక లారీ మీద ఇరుంగాట్టుకోట్టై తీసుకెళ్లి, అనుమతి తీసుకుని అక్కడి రేసు ట్రాక్ మీద నడపాలని నా కోరిక.

గాలి తీయడానికి ఇద్దరుంటే చాలు, ముగ్గురుంటే మేలు. పెడల్ నొక్కడానికి ఒకరు, చక్రం దగ్గర నిపిల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) వదులు చేసి బిగించడానికి ఒకరు, పైన డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోయడానికి ఒకరు. నాన్న డబ్బా దగ్గర నిలబడ్డారు. నేను చాప పరుచుకుని చక్రం దగ్గర కూర్చున్నాను. పెడల్ మీదికి అమ్మ వచ్చింది.

ఈ కారులోకి దిగడం అరవై ఎనిమిదేళ్ల మనిషికి తేలిక కాదు. తలుపులు లేవు, సీటు బదులు ప్రస్తుతానికి ప్లైవుడ్ పలక. చీర కుచ్చిళ్లు దోపుకుని, నా భుజం పట్టుకుని నెమ్మదిగా దిగి కూర్చుంది. కానీ ఆ కాలికి ఉన్న నేర్పు మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు అది. దారం బిగుసుకుంటే చెయ్యి చూడకముందే కాలు చెప్పేది.

"నొక్కమ్మా." నొక్కింది. "అలాగే పట్టుకో." 8 నంబరు స్పానర్‌తో నిపిల్ పావు చుట్టు తిప్పాను. సన్నటి గొట్టంలోంచి ఆయిల్ బుడగలతో నురుగులా సీసాలోకి దూకింది. బిగించాను. "ఇప్పుడు వదులు." పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. నొక్కు, పట్టుకో, వదులు. పదిసార్లయ్యేసరికి పెద్ద బుడగలు పోయి ఆవగింజలంతవి వచ్చాయి. తరువాత అవీ పలచబడి, గొట్టం నిండా తేనెరంగు ఆయిల్ ఒక్కటే నిలిచింది. ఎంతసేపైనా చూడాలనిపించింది.

అంతలో నాన్న షోళవరం కబుర్లలో పడ్డారు. డెబ్బైలలో ఫిబ్రవరి వస్తే షిఫ్టు మార్చుకుని సైకిలు మీద అక్కడి రేసులకు వెళ్లేవారట. యుద్ధకాలపు రన్‌వే మీద కార్లు పందెం వేసుకునేవట. మలుపు దగ్గర గడ్డిమోపుల వెనుక నిలబడితే ముఖానికి దుమ్ము కొట్టేదట. ఆయన చెబుతున్నారు, నేను వింటున్నాను, ఉన్నట్టుండి అమ్మ "అయ్యో, కాలు జారిపోయింది" అంది. పెడల్ నేలకు తగిలింది. డబ్బా ఖాళీ అయి మళ్లీ గాలి లాగేసింది. నాన్న ముఖం వాడిపోయింది. తప్పు ఇద్దరిదీ. నేనూ గుర్తు చేయలేదు. మళ్లీ వెనుక ఎడమ చక్రంతోనే మొదలుపెట్టాం. ఆ తరువాత ఆయన డబ్బా మీదినుంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నానికి నాలుగు చక్రాలూ అయ్యాయి. అన్నింటిలోనూ బుడగ లేని ఆయిలే వచ్చింది. కానీ అమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "దూది మీద కాలు పెట్టినట్టుంది. చివర్లో గట్టిపడాలి కదా, పడటం లేదు."

నేను నొక్కి చూశాను. నిజమే. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. మనం పెట్టిన బలమంతా ఎక్కడో దాగిన బుడగను నొక్కడానికే ఖర్చవుతోంది. లేదా ఎక్కడో కారుతోంది. వెనుక చక్రాల డ్రమ్ముల్లో బ్రేకు షూలు వదులుగా ఉన్నా పెడల్ కిందికి దిగుతుంది గానీ, వాటిని నిన్ననే సరిచేశాను.

అన్నం తిని వచ్చాక నాన్న వంటింట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చారు. పూర్వం రైలు ఇరుసుల్లో పగుళ్లు కనిపెట్టడానికి ఇరుసును నూనెతో తడిపి, తుడిచి, పైన సుద్ద పూసేవారు. కంటికి కనబడని పగులులో దాగిన నూనె మెల్లగా ఊరి తెల్లటి సుద్ద మీద గీతలా తేలేది. అదే పద్ధతి. ప్రతి జాయింటునూ గుడ్డతో పొడిగా తుడిచి, పెయింటు బ్రష్షుతో ముగ్గుపిండి అద్దారు. అమ్మ పెడల్ నొక్కిపట్టింది. పదకొండు జాయింట్లూ టార్చి వేసి చూశాం. ఒక్కచోట కూడా పిండి తడవలేదు.

"అయితే కారడం లేదు తల్లీ. గాలి లోపలే ఉంది" అన్నారు. కాసేపాగి, తనలో తాను అనుకుంటున్నట్టుగా, "మా రైలు పెట్టెలో గొట్టంలోకి గాలి వస్తే బ్రేకు పడేది. నీ కారులో గాలి వస్తే బ్రేకు పోతుంది" అన్నారు. వాక్యూమ్ బ్రేకు మర్మం అదే. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా బయటి గాలి లోపలికి దూసుకొచ్చి తనంతట తానే బ్రేకు వేస్తుంది. ఇన్నేళ్లూ ఆయన నోట వాక్యూమ్ బ్రేకు అన్న మాట వింటూనే ఉన్నాను. దాని గొప్పతనం ఇవాళ అర్థమైంది.

లోపల గాలి ఉంటే అది పైకే చేరుతుంది. మరి నిపిల్? చాప మీద వెల్లకిలా పడుకుని ముందు కుడి చక్రం లోపలికి టార్చి వేశాను. నిపిల్ నేల వైపు చూస్తోంది. ఎడమ చక్రానిదీ అంతే. ముందు చక్రాలకు బ్రేకు పట్టే రెండు కాలిపర్లూ తారుమారు చేసి బిగించాను. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. బోల్టులు రెండు వైపులా సరిగ్గా కూర్చోవడంతో అనుమానం రాలేదు. ఆయిల్ కింది నుంచి శుభ్రంగా వచ్చేస్తోంది, గాలి మాత్రం పైన హాయిగా కూర్చుంది. పొద్దున చూసి మురిసిపోయిన ఆ తేనెరంగు ధార నన్ను నమ్మించింది. అమ్మ కాలు నమ్మలేదు.

కాలిపర్లు విప్పి మార్చడానికి రెండు గంటలు పట్టింది. హోస్ ఊడదీసేటప్పుడు ఆయిల్ చిమ్మి ఛాసీ ఎర్రరంగు మీద పడింది. బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లు పోసి కడిగాను. అయినా రూపాయి బిళ్లంత మేర మెరుపు పోయింది. సీసాలో చేరిన ఆయిల్ మళ్లీ వాడలేదు, కొత్త డబ్బా తెరిచాం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మేం వాడిన డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. చెన్నై గాలిలో ఎంత చెమ్మ ఉంటుందో పొద్దున ఆరేసిన బట్టలను అడిగితే చెబుతాయి.

ఈసారి ముందు కుడి చక్రం నిపిల్ తిప్పగానే బొటనవేలంత బుడగ ఒకటి బుడబుడమంటూ వచ్చింది. ఎడమ వైపు నుంచి ఇంకొకటి. ఆ తరువాత ఆయిలే.

"నొక్కమ్మా."

నొక్కింది. నేను స్పానర్ పట్టుకుని ఎదురుచూస్తున్నాను. అమ్మ ఏమీ అనలేదు. మళ్లీ నొక్కింది. "ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది. ఇంక పోదు" అంది. ఆ మాట వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాన్న అప్పటికీ ఒప్పుకోలేదు. ఒక నిమిషం అలాగే బలంగా నొక్కిపట్టమన్నారు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పాడైతే పెడల్ ఒక్కసారిగా జారదు, మెల్లగా మునుగుతుంది. ఆయన గడియారం చూస్తున్నారు, నేను పెడల్ పక్కన స్కేలు పట్టుకుని చూస్తున్నాను, అమ్మ కళ్లు మూసుకుని నొక్కుతోంది. బయట చినుకులు షెడ్డు రేకు మీద పడుతున్నాయి. అరవై సెకన్లయినా పెడల్ గీత దాటి కదల్లేదు.

అమ్మను బయటికి తీసేటప్పటికి కాలు తిమ్మిరెక్కి ఉంది. కాఫీ ఇవాళ నేనే పెట్టాను.

గ్లాసులతో తిరిగి వచ్చేసరికి నాన్న పసుపు పెయింటు, సన్న కుంచె తీసుకుని మాస్టర్ సిలిండర్ పక్కనున్న రేకు మీద ఏదో రాస్తున్నారు. రైలు పెట్టె చివరి గోడ మీద రాస్తారే, మరమ్మతు ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు రావాలి అని, అలా రెండు తేదీలు. మొదటిది ఇవాళ్టిది. రెండోది సరిగ్గా ఆరు నెలల తరువాతిది.