ఏడవొద్దన్న ఆదరణ కూడిక: నా అనుభవం

అమ్మ ప్రభువునందు నిద్రించి ఈ ఆదివారానికి ఐదు వారాలు. భూస్థాపన సాఫీగానే జరిగింది. పెట్టె, వ్యాను, సమాధుల తోటలో గుంట, అన్నీ సంఘంలో కుర్రాళ్లే చూసుకున్నారు. మరణ ధ్రువపత్రమూ తేలికే. ఇంట్లో పోయింది కాబట్టి మేమే వెళ్లి నమోదు చేయించాం. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము పడుతుంది. బ్యాంకువాళ్లూ పింఛనువాళ్లూ విడివిడిగా అడుగుతారు, ఒకేసారి ఐదారు కాపీలు తెచ్చుకోండి.

నన్ను కుంగదీసింది మూడోనాటి ఆదరణ కూడిక, అంటే పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘం చేసే ప్రార్థన.

పాట, ప్రార్థన అయ్యాక ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని నా వైపే చూస్తూ, "ఏడుస్తున్నామంటే పునరుత్థానం మీద నమ్మకం లేదన్నట్టే అమ్మా" అన్నారు. రుజువుగా, పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఉత్తరంలో చనిపోయినవారి గురించి దుఃఖపడటంపై ఉన్న వచనం, 1 థెస్సలొనీకయులకు 4:13, చదివారు. తర్వాత సాక్ష్యం చెప్పమని మైకు నా చేతిలో పెట్టారు. నోరు పెగల్లేదు. మైకు వెనక్కి తీసుకుని, అందరి ముందూ నా "బలహీనమైన విశ్వాసం" కోసం ప్రార్థన చేశారు! ఇరవై ఏళ్లు సండేస్కూలు చెప్పినదాన్ని, ఆ వచనం నాకు కంఠతా వచ్చు. టీ గ్లాసులు తిరుగుతుంటే తల దించుకుని కూర్చున్నాను.

ఆ వచనంలో ఆయన మింగేసిన ముక్క "నిరీక్షణ లేని ఇతరులవలె". పౌలు ఏడవొద్దనలేదు, వాళ్లలాగా ఏడవొద్దన్నాడు. ప్రభువు రాకముందే చనిపోయిన తమవాళ్ల గతేమిటని ఆ సంఘం దిగులుపడుతోంది. వాళ్లే ముందు లేస్తారని అతను ధైర్యం చెప్పాడు. 18వ వచనంలో ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకోమన్నాడు, గద్దించుకోమని కాదు. విశ్వాసం కోసం రాళ్లదెబ్బలకు చనిపోయిన స్తెఫనును సమాధి చేసిన భక్తిగలవారు బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8:2లో ఉంది. యోహాను 11 అయితే ఇంకా సూటిగా ఉంటుంది. నీ సహోదరుడు మరల లేచునని యేసు, చనిపోయిన లాజరు తోబుట్టువు మార్తతో 23వ వచనంలోనే అనేశాడు. లాజరును సమాధిలోంచి బయటికి పిలిచింది 43లో. మధ్యలో 35: "యేసు కన్నీళ్లు విడిచెను." లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. మరి ఆయన విశ్వాసం కూడా బలహీనమేనా?

ఆదరించడానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. మైకు వద్దు. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు, అంతవరకూ బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే సమకూడుతాయనే రోమా 8:28 మూడోనాడే చదవకండి. మూడోనాడు అరవైమంది వస్తారు, మూడో వారం ఒక్కరూ రారు, అప్పుడు వెళ్లండి. మా పక్కింటి పిన్ని అలాగే వచ్చి, ఇడ్లీల గిన్నె పెట్టి, అమ్మ కళ్లజోడు చూసి తనే ఏడ్చింది. ఆ రోజే నాకు అన్నం సహించింది.

నాకు దారి చూపింది 13వ కీర్తన. ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ విన్నపం, చివరి రెండూ నమ్మకం. పైకి చదవాలి. రెండో వచనం దగ్గర ఆగి దావీదు ఫిర్యాదు బదులు మన ఫిర్యాదు, పేర్లతో సహా, నోట్‌బుక్కులో రాయాలి. నాలుగో దగ్గర ఏం కావాలో ఒక్కటే అడగాలి. నేనడిగింది నిద్ర. ఐదోది నోట రాకపోతే అక్కడే మూసేయాలి, రేపు మళ్లీ మొదటినుంచి. చాలామంది నేరుగా ఐదుకి దూకుతారు. రాయని ఫిర్యాదు లోపలే ఉండి, పాట పాడుతుంటే గొంతులో అడ్డం పడుతుంది.

మరీ చీకటి రాత్రులకు 88వ కీర్తన ఉంది, అది చీకటితోనే ముగుస్తుంది. 23వ కీర్తన తెలియనివాళ్లుండరు, కానీ ఒకటి గమనించండి: మొదటి మూడు వచనాల్లో దేవుడు "ఆయన". గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు" అయిపోతాడు.

నిన్న రాత్రి మొదటిసారి "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను" వరకూ చదవగలిగాను. ఆరోది ఇంకా మిగిలే ఉంది.