20 లీటర్లకి 38 గ్రాములు

ఫిబ్రవరిలో మా బాత్రూమ్ పైపు వంపు దగ్గర మూసుకుపోతే ప్లంబర్ కోసి తీశాడు. లోపల గోడకి కల్లుప్పు అంటించినట్టు తెల్లగా, గరుగ్గా పేరుకుపోయింది. "ఉప్పేనండి, ఏ ఇంట్లోనైనా ఇంతేనండి ఆయ్" అని ఆ ముక్క పక్కన పడేశాడు. నాకు మాత్రం కాలేజీ కెమిస్ట్రీ గుర్తొచ్చింది. అందులో కొంతైనా స్ట్రూవైట్ అయ్యుంటుంది. అంటే మెగ్నీషియం, అమ్మోనియా, ఫాస్ఫేట్ కలిసి కట్టిన స్ఫటికం. ఎరువే.

ఇంటి మురుగునీటిలో మూత్రం నూటికి ఒక వంతు ఉంటుందేమో. నత్రజనిలో సుమారు 80 శాతం, భాస్వరంలో సగం ఆ ఒక్క వంతులోనే. మా కోనసీమలో నిలువెత్తు తవ్వితే నీళ్లు పడతాయి, సెప్టిక్ ట్యాంకూ నుయ్యీ పక్కపక్కనే. మూత్రాన్ని ఆ నీళ్లలో కలవకముందే పట్టుకుని, అందులోంచి స్ట్రూవైట్ తీద్దామని మొదలుపెట్టాను.

మొదటిసారి (మార్చి 2): నేనూ తమ్ముడూ నింపిన టిన్నులో అదే రోజు మెగ్నీషియం సల్ఫేట్ కలిపాను. ఏమీ దిగలేదు. తాజా మూత్రం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 6 దగ్గర ఉంటుంది, స్ట్రూవైట్ కట్టాలంటే 9 దాకా రావాలి. సున్నం, సోడా ఏమీ అక్కర్లేదు, మూత గట్టిగా బిగించి వదిలేస్తే చాలు. యూరియా విరిగి అమ్మోనియా అయ్యి పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. నాకు పన్నెండో రోజుకి కాగితం 9 చూపించింది. మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి. నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటారని ఆయన్ని ఈ లెక్కలోకి లాగలేదు.

రెండోసారి (ఏప్రిల్ నెలాఖరు, కాలవలు కట్టేసిన రోజులు): పొడి బాగానే దిగింది. ఆరుతుందని రేకుల మీద పోశాను. గంట తర్వాత మేడెక్కితే అమ్మోనియా ఘాటుకి కళ్లు మండాయి. స్ట్రూవైట్‌ని 50 డిగ్రీలు దాటనిస్తే అమ్మోనియా, నీరు వదిలేస్తుంది. ఆ ఎండకి రేకు అంతకంటే ఎక్కువే కాలి ఉంటుంది. నత్రజని కొంత గాల్లో కలిసిపోయింది. "ఇంకేం పని దొరకలేదురా నీకు?" అని కింద నుంచి అమ్మ.

మూడోసారి కుదిరింది. ముదురు ఆకులు పసుపెక్కితే కొబ్బరి చెట్లకి వేస్తారే, ఆ మెగ్నీషియం సల్ఫేటే. 20 లీటర్లకి 60 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి పోసి, పది నిమిషాలు కర్రతో తిప్పాను. బియ్యం కడుగులా తెల్లబడింది. ఇంతకుముందు మొత్తం పంచెలో వడకడితే గుడ్డ రంధ్రాలు పూడిపోయి పూటంతా పట్టింది. ఈసారి రాత్రంతా తేరనిచ్చి, పైన 17 లీటర్లు సన్న పైపుతో దించేసి, అడుగు 3 లీటర్లే నాలుగు మడతల గుడ్డలో పోశాను. నీడలో నాలుగు రోజులు ఆరబెడితే తూకం 38 గ్రాములు. వేళ్ల మధ్య నలిపితే సన్న ఇసకలా గరగరలాడింది.

ఖర్చు లెక్క వేశాక నవ్వొచ్చింది. ఈ 38 గ్రాముల భాస్వరం 24 గ్రాముల డీఏపీ ఎరువులో ఉండేంత. 50 కిలోల బస్తా 1350 రూపాయల లెక్కన 65 పైసలు. నేను పోసిన మెగ్నీషియమే రెండు రూపాయల పైచిలుకు! హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన 1669లో బంగారం కోసం మూత్రం మరిగించి, మరిగించి భాస్వరం దొరికించుకున్నాడు. మా ఆవిడ దృష్టిలో మేమిద్దరం ఒకే బాపతు.

అసలు సరుకు నేను పారబోద్దామనుకున్న పైనీళ్లలో ఉంది. స్ట్రూవైట్ భాస్వరాన్ని దాదాపు ఊడ్చి తెస్తుంది గానీ నత్రజనిలో కొద్దిపాటే పట్టుకుంటుంది. మిగతా నత్రజని, పొటాష్ అంతా ఆ నీళ్లలోనే. ఒకటికి పది నీళ్లు కలిపి అరటి పాదుల్లో, మొదలుకి జానెడు దూరంగా పోసి మట్టి కప్పేశాను. ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఒకే పాదుకి మళ్లీ మళ్లీ పోయను. ఆకుకూరల జోలికి అసలే పోను. పొడి మాత్రం కడియం నుంచి తెచ్చిన ఆరు గులాబీ కుండీల్లో మూడింటికి, కుండీకి టీస్పూను చొప్పున వేశాను. నెమ్మదిగా కరిగే రకం, ఇప్పటికి తేడా ఏమీ కనిపించలేదు.

ఈసారి మెగ్నీషియం కొనను. ఉప్పుమళ్లలో ఉప్పు తీసేశాక మిగిలే చేదునీళ్లలో అది దండిగా ఉంటుంది. మా బావ ఒక డబ్బా తెస్తానన్నాడు. నాలుగో టిన్ను సగం నిండింది, దాని చోటు మాత్రం బాత్రూమ్ వెనక నుంచి గొడ్లసావిడి వెనక్కి మారింది.