‘పాస్’ అంటే పోవడం: నా ఓఈటీ అనుభవం

ఓఈటీ అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లలాంటి వాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష. అది మొదటిసారి రాసినప్పుడు నాకు లిజనింగ్‌లో 320, రైటింగ్‌లో 280 వచ్చాయి. యూకేలో నర్సుగా పనిచేయాలంటే అక్కడ నర్సుల్ని రిజిస్టర్ చేసే ఎన్ఎంసీ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలోనూ 350 చొప్పున, రైటింగ్‌లో 300 అడుగుతుంది. నేను కట్టిన ఫీజు 587 ఆస్ట్రేలియా డాలర్లు. మన డబ్బులో ముప్పై వేలు దాటింది. అది నా నెల జీతం కన్నా ఎక్కువ. రిజల్ట్ చూసిన రోజు నాకు నైట్ డ్యూటీ. ఫోను లాకర్లో పడేసి వార్డులోకి వెళ్లిపోయాను. తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సర్జికల్ వార్డు. మహారాణిపేటలో, కేజీహెచ్‌కి దగ్గర్లో ఒక హాస్టల్లో ఉంటాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నాలాగే చదువుకుని ఈ పరీక్షకి కూర్చుంటున్న నర్సులు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఒక్క మాట సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆ మాట ‘పాస్’.

మొదటిసారి నేను చదివిన పద్ధతి ఇది. ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరాను. ఒక్కో మాటకి అదే అర్థం వచ్చే పది మాటలున్న లిస్టులు ఇచ్చారు. డ్యూటీ దిగి బస్సులో కూర్చుని అవే బట్టీ పట్టేదాన్ని. మూత్రానికి యూరినేట్, మిక్చురేట్, వాయిడ్. చావుకి ఎక్స్‌పైర్, డిసీస్డ్, డిమైజ్. పెద్ద మాట వాడితే పెద్ద మార్కు వస్తుందనుకున్నాను. రైటింగ్ పరీక్షలో పేషెంటు గురించి ఒక లెటర్ రాయాలి. అందులో, భర్త పోయిన ముసలావిడ గురించి రాయాల్సి వస్తే ‘డిమైజ్’ అని రాశాను. ఆ మాట ఎవరు ఎవరితో అంటారో నాకు తెలియదు. లిస్టులో ఉంది కాబట్టి పెట్టేశాను.

రెండోసారి రూములోనే ప్రాక్టీసు మొదలుపెట్టాక ఒక ఆడియో విన్నాను. డాక్టరు దగ్గరికి వచ్చిన పెద్దాయన తన బాధ చెప్పుకుంటున్నాడు. రాత్రిళ్లు ‘ట్రబుల్ పాసింగ్ వాటర్’ అన్నాడు. లిజనింగ్‌లో పార్ట్ ఏ అంటే ఇలాంటి సంభాషణలు రెండు, వాటి మీద 24 ఖాళీలు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు, వెనక్కి వెళ్లడానికి ఉండదు. నేను గబగబా ‘నీళ్లు మింగడం కష్టం’ అనే అర్థంలో రాసేశాను. జవాబు చూస్తే మూత్రం సరిగ్గా రావడం లేదని. ప్రొస్టేట్ ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకి రోజూ కేథటర్ చూసేది నేనే. ఆ జబ్బు నాకు కొత్త కాదు. మాటే తెలియలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది.

ఇంగ్లండ్‌లో ఉన్న మా సీనియర్ అక్కకి ఫోన్ చేశాను.

“అక్కా, పాసింగ్ వాటర్ అంటే ఒంటేలుకి పోవడమా?”

“అవునే. ఇక్కడ ముసలివాళ్లు అలాగే అంటారు. ఆ లిస్టులు పక్కన పెట్టేయ్. రేపు మన వార్డులో పేషెంట్లు ఏమంటున్నారో విను. తెలుగులోనే విను.”

తెలుగు వింటే ఇంగ్లీషు ఎలా వస్తుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. అయినా అక్క మాట కాదనలేక మర్నాడు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని వెళ్లాను. ఆపరేషన్ అయి రెండు రోజులైన ఒకావిడని, అలవాటుగా ఎప్పుడూ అడిగేదే అడిగాను: “గాలి పోయిందా అమ్మా?” “పోయింది సిస్టరమ్మా, ఇప్పుడు టీ తాగొచ్చా?” పక్క మంచం తాత “ఒంటేలుకి పోలేదమ్మా పొద్దుట్నుంచీ” అన్నాడు. పైల్స్ ఆపరేషన్‌కి వచ్చినాయన “రక్తం పోతోంది”. కొత్తగా చేరిన అబ్బాయి వాళ్లమ్మ “బాత్రూమ్‌లో స్పృహ పోయింది బాబుకి”. మందు ఎక్కించాక ఒకతను “నొప్పి పోయింది”. మధ్యాహ్నానికి ఐసీయూ నుంచి కబురు: “ఆ ఏడో నంబరు తాత పోయాడంట.”

హాస్టల్‌కి వచ్చి ఒక్కోదాని పక్కన ఇంగ్లీషు రాసుకుంటూ పోయాను. గాలి పోవడం పాసింగ్ విండ్. ఒంటేలుకి పోవడం పాసింగ్ వాటర్. రక్తం పోవడం పాసింగ్ బ్లడ్. స్పృహ పోవడం పాస్డ్ అవుట్. ఇంకాసేపట్లో నొప్పి పోతుంది అనాలంటే ‘ఇట్ విల్ పాస్’. మనిషి పోవడం పాస్డ్ అవే. ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. నేను కొత్తగా నేర్చుకోవాల్సిన మాట అనుకున్నది, మా అమ్మ నోటి నుంచి పుట్టినప్పట్నుంచీ వింటున్న ‘పోవు’కి అక్కలాంటిది.

దీని పుట్టుక కూడా చూశాను. లాటిన్‌లో ‘పాసుస్’ అంటే అడుగు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అడుగు వేసి దాటిపోవడం, అంతే. అది తెలిశాక మిగతావన్నీ వరసలోకి వచ్చాయి. పరీక్ష దాటితే పాస్. బిల్లు సభ దాటితే పాస్. రేవు దాటించేది పాస్‌పోర్టు. దాటిపోయిన కాలం పాస్ట్. కిడ్నీలో రాయి ఒంట్లోంచి బయటపడితే దానికీ పాస్ అనే అంటారు. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసినన్నాళ్లూ మెడలో వేసుకున్న గేటుపాసు, చోడవరం దగ్గర మా తాతయ్య ట్రంకుపెట్టెలో దాచుకున్న పట్టాదారు పాసుపుస్తకం, నా పర్సులో బస్సుపాసు... ఈ మాట మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది. దాన్ని ఎప్పుడూ అర్థం అడగలేదు.

అలాగని ప్రతి ‘పోయింది’కీ పాస్ పెట్టేస్తే తప్పే. కరెంటు పోతే పాస్ కాదు, పర్సు పోతే పాస్ కాదు. మన అలవాట్లు కొన్ని అక్కడ చెల్లవు కూడా. స్పీకింగ్ మొదలయ్యే ముందు మన చదువు, పని గురించి కాసేపు మాట్లాడిస్తారు, దానికి మార్కులుండవు. అక్కతో ప్రాక్టీసు చేస్తూ నేను ఫలానా సంవత్సరం ‘పాస్డ్ అవుట్’ అన్నాను. మన దగ్గర కాలేజీ పూర్తిచేశానని చెప్పడానికి అందరం అదే అంటాం. అక్కడ మామూలుగా స్పృహ తప్పి పడిపోయానని వింటారు. క్వాలిఫైడ్ అనమంది. ‘పాస్ ఆన్’ అయితే మరీ జాగ్రత్త. కబురు అందించడం, జబ్బు ఇంకొకరికి అంటించడం, చనిపోవడం, మూడూ అదే. ముందూ వెనకా మాటలు చూసుకుంటే గానీ తేలదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది చావు మాట.

మన ఆసుపత్రుల్లో కేసు షీటులో ‘ఎక్స్‌పైర్డ్’ అని రాస్తాం. ఇంగ్లండ్‌లో మామూలు మనిషికి ఆ మాట మందు సీసా మీద తేదీలా వినిపిస్తుందని అక్క చెప్పింది. ‘పాస్డ్ అవే’ మెత్తగా ఉంటుంది, ఇళ్లలో అందరూ అంటారు. కానీ చనిపోయారన్న కబురు మొదటిసారి చెప్పేటప్పుడు మాత్రం తిప్పి చెప్పకుండా ‘డైడ్’ అనే మాటే వాడమని అక్కడ నేర్పుతారట. మొదట నాకు అది కటువుగా అనిపించింది. మనకి పోయారు, కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు అని మనిషిని బట్టి, ఇంటిని బట్టి ఎన్ని మాటలున్నాయి!

అప్పుడు రెండేళ్ల కిందటి ఒక రాత్రి గుర్తొచ్చింది. నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన ఒకాయన. భార్య కాఫీ తేవడానికి ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్లింది. ఆవిడ వచ్చేసరికి ఆయన లేడు, మంచం చుట్టూ తెర వేసేశాం. డాక్టరుగారు లోపల మరిదితో మాట్లాడుతున్నారు. ఆవిడ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. నాకు నోరు పెగల్లేదు. “ఇంక లేరమ్మా” అన్నాను. ఆవిడ తెర వైపు చూసి, ఫ్లాస్కు మూత బిగిస్తూ “ఏ వార్డుకి మార్చేశారు సిస్టరమ్మా?” అని అడిగింది. మెత్తగా చెప్పాననుకున్న మాట ఆవిడకి అసలు చేరనే లేదు. రెండోసారి “చనిపోయారమ్మా” అని చెప్పాల్సి వచ్చింది. అందుకే ‘డైడ్’ అనమని ఎందుకు చెబుతారో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ తర్వాత నా పుస్తకం మారిపోయింది. ఒక్కో మాటకి ఒక పేజీ. పేజీలో వాక్యాలే, ప్రతి వాక్యం పక్కన ఎవరు ఎవరితో అంటున్నారో. పేషెంటుతో అయితే పాసింగ్ వాటర్, చార్టులో అయితే వాయిడింగ్. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో బెంచీ మీద నేనూ మా రూమ్మేటూ ఒకరు నర్సు, ఒకరు పేషెంటు అయ్యేవాళ్లం. పరీక్షలో రోల్‌ప్లేలు రెండు, ఒక్కోటి ఐదు నిమిషాలు, సందర్భం రాసి ఇచ్చే కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు. సెల్‌లో టైమరు పెట్టుకుని అలాగే చేశాం. పెద్ద మాట వచ్చినప్పుడల్లా తను చెయ్యి ఎత్తేది, నేను మామూలు మాటలో మళ్లీ చెప్పేదాన్ని. లెటరుకి ఐదు నిమిషాలు చదవడానికి, నలభై నిమిషాలు రాయడానికి. 180 నుంచి 200 మాటల్లో ముగించడం ఒక నెల పట్టింది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లి రాసి వచ్చాను. లెటర్లో ఈసారి కూడా భర్త పోయిన పేషెంటే. ఆయన మూడు నెలల కిందట ‘డైడ్’ అని రాసి తర్వాత లైనుకి వెళ్లిపోయాను. పెన్ను ఆగలేదు.

లిజనింగ్ 380, రీడింగ్ 370, స్పీకింగ్ 370, రైటింగ్ 330. ముందుగా నాన్నకి ఫోన్ చేశాను. “పాసయ్యాను నాన్నా” అన్నాను.

ఇప్పుడు ఎన్ఎంసీ వాళ్ల సీబీటీకి, అంటే కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్షకి, చదువుతున్నాను. పుస్తకంలో ‘డిశ్చార్జ్’ పేజీ మొదలుపెట్టాను. మొదటి వాక్యం పుండులోంచి కారే చీము గురించి, రెండోది ఇంటికి వెళ్లే పేషెంటు గురించి.